చేతితో చదివే కథకు మార్కులెన్ని?

2013 ఆగస్టులో 'గాన్ హోమ్' అనే చిన్న గేమ్ విడుదలైంది. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో వేళ్లమీద లెక్కపెట్టగలిగినంత మంది కలిసి తయారుచేశారు. కథ జరిగేది 1995లో. యూరప్ అంతా తిరిగి, ఒక రాత్రి హోరువానలో ఇల్లు చేరిన కేటీకి లోపల ఎవరూ కనపడరు. తలుపు మీద చెల్లెలు సామ్ అంటించి వెళ్లిన చీటీ మాత్రం ఉంటుంది. అక్కడినుంచి ఆటంతా ఆ ఇంట్లో తిరగడమే. సొరుగులు లాగుతాం, ఉత్తరాలు చదువుతాం, క్యాసెట్లు పెట్టి వింటాం, ఒక్కో గదిలో దీపం వేసుకుంటూ ముందుకు పోతాం. శత్రువు లేడు, తుపాకి లేదు, ఓడిపోవడమూ లేదు. రెండు గంటల్లో అయిపోతుంది. వెల 20 డాలర్లు.

పాలిగన్ వెబ్‌సైట్ దీనికి పదికి పది ఇచ్చింది. రివ్యూలన్నిటినీ పోగుచేసి సగటు కట్టే మెటాక్రిటిక్‌లో విమర్శకుల లెక్క 86 తేలింది. అదే పేజీలో మామూలు ఆటగాళ్లు వేసిన మార్కుల సగటు మాత్రం చాలా కింద ఆగిపోయింది. రెండు గంటల నడకకు ఇరవై డాలర్లా అని కొందరు కోప్పడ్డారు. ఇది అసలు ఆటే కాదని మరికొందరు తేల్చేశారు. 'వాకింగ్ సిమ్యులేటర్' అనే ఎగతాళి పేరు ఇలాంటి గేమ్‌లకు అప్పుడే గట్టిగా అతుక్కుంది.

దీన్ని అభిరుచుల తేడా అని వదిలేయడం సులువు. కానీ కథ ప్రధానంగా నడిచే అడ్వెంచర్ గేమ్‌ల చరిత్రంతా ఇలాంటి తగాదాలే కనిపిస్తాయి, ప్రతిసారీ తగాదా ఒకే చోట మొదలవుతుంది. కథకు కొన్ని మార్కులు, ఆటకు కొన్ని మార్కులు అని విడగొట్టి కూడటం దగ్గర. ఈ గేమ్‌లలో కథను మోసేది ఆడేవాళ్ల చేయి. ఆ చేతి పనిని చూడకుండా వేసిన మార్కు ఎక్కువైనా తక్కువైనా గురి తప్పినదే.

విడగొట్టే అలవాటు ఎక్కడిదో చూడాలి. గేమ్ రివ్యూ పుట్టిందే కొనుగోలుదారుకు సలహాగా. 1985లో బ్రిటన్‌లో మొదలైన 'జాప్! 64' పత్రిక ఒక్కో ఆటకు గ్రాఫిక్స్, సౌండ్ వంటి పద్దుల కింద విడివిడిగా శాతాలు ఇచ్చేది. అందులో 'లాస్టబిలిటీ' కూడా ఒకటి, అంటే ఆట ఎన్నాళ్లు విసుగు పుట్టకుండా నిలుస్తుందన్నది. దాచుకున్న డబ్బుతో నెలకో ఆట కొనుక్కునే పిల్లవాడికి అది నిజంగా పనికొచ్చే సమాచారం, అందులో తప్పేమీ లేదు. చిక్కల్లా ఆ పద్దు పట్టిక నలభై ఏళ్లయినా విమర్శకుల బుర్రలోంచి పోకపోవడమే. ఐదుకు 2.75 అని పావు మార్కుల దాకా తూచే మన సినిమా వెబ్‌సైట్లు కూడా రెండు గంటల సినిమాకు, మూడు గంటల సినిమాకు టికెట్టు ఒకటే ఎలా అని అడగవు. గేమ్ రివ్యూలో ఆ ప్రశ్న ఇప్పటికీ మామూలే.

పాత అడ్వెంచర్ గేమ్‌లకు ఈ పట్టిక బాగానే సరిపోయింది. వాటి నిడివి పజిళ్లలో ఉండేది. 1970ల నడుమ విల్ క్రౌథర్ కెంటకీలోని మామత్ గుహలో తిరిగిన అనుభవంతో రాసిన 'కొలాసల్ కేవ్ అడ్వెంచర్' నుంచి, ఆ తర్వాత ఎంఐటీలో మొదలైన 'జార్క్' దాకా అక్షరాలతోనే సాగిన ఆటలు. 1984 నాటి 'కింగ్స్ క్వెస్ట్' వంటి బొమ్మలతో నడిచిన ఆటలు. అన్నిటిలోనూ ఒక చోట ఇరుక్కుని రోజుల తరబడి తలబాదుకోవడం మామూలే. కథ ఒక పూటది, ఆట ఒక నెలది. మొదట్లో ఒక వస్తువు తీసుకోవడం మరచిపోతే చివర్లో దారి మూసుకుపోయేది, మళ్లీ మొదటికి రావాల్సిందే.

ఈ పద్ధతిని గట్టిగా తప్పుపట్టింది పత్రికల విమర్శకుల కంటే ముందు ఒక రూపకర్త. లూకాస్‌ఫిల్మ్ గేమ్స్‌లో పనిచేస్తున్న రాన్ గిల్బర్ట్ 1989లో అడ్వెంచర్ గేమ్‌లు ఎందుకు చెడిపోతున్నాయో చెబుతూ ఒక వ్యాసం రాశాడు. ఆటగాడి లక్ష్యం అతనికి స్పష్టంగా తెలియాలి. చచ్చి నేర్చుకోవాల్సిన అవసరం ఉండకూడదు. పజిల్ విప్పితే కథ ముందుకు కదలాలి. 1990లో వచ్చిన 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్'లో అతను ఆ మాటలను ఆచరణలో పెట్టాడు. ఈ ప్రక్రియ మీద వచ్చిన విమర్శలో నేటికీ చదవదగ్గది ఆ వ్యాసం. ఎందుకంటే అది మార్కులు వేయలేదు, చేతికీ కథకూ ఎక్కడ లంకె తెగుతోందో చూపించింది.

ఆ లంకె పూర్తిగా తెగిపోయిన చోటు 1999లో వచ్చింది. సియెరా వారి 'గేబ్రియల్ నైట్ 3' ఫ్రాన్స్‌లోని రెన్-ల-షాతో అనే ఊళ్లో సాగే అపరాధ పరిశోధన. గుప్తసంఘాలు, పురాతన రహస్యాలు, దట్టమైన కథ. ఆట మొదట్లోనే గేబ్రియల్‌కు ఒక మోటారు బండి అద్దెకు కావాలి. అందుకు స్నేహితుడు మోస్లీలా వేషం వేసుకోవాలి. షెడ్డు తలుపు కన్నానికి టేపు అంటించి, పిల్లిని బెదరగొట్టి ఆ కన్నంలోంచి దూరేలా చేసి, టేపుకు అంటిన బొచ్చును మేపుల్ సిరప్‌తో మూతికి అతికించుకుని మీసం చేసుకోవాలి. ఇందులో అసలు విషయం మోస్లీకి మీసం లేదు. కనుక అతని పాస్‌పోర్టు దొంగిలించి, ఫొటో మీద మార్కరుతో మీసం గీయాలి.

2000లో 'ఓల్డ్ మ్యాన్ మర్రీ' అనే వెబ్‌సైట్‌లో ఎరిక్ వోల్పా ఈ పజిల్‌ను మెట్టు మెట్టుగా విప్పి, అడ్వెంచర్ గేమ్‌ను ఎవరూ చంపలేదు, అదే ఆత్మహత్య చేసుకుందని రాశాడు. వెటకారం నిండిన రాత అది. ఆ వెటకారం కిందున్న పరిశీలన మాత్రం గట్టిది. గేబ్రియల్ తెలివైన పరిశోధకుడని కథ చెబుతుంది, పిచ్చివాడి పని చేయమని చేయి చెబుతుంది. కథకు తొమ్మిది, పజిళ్లకు ఆరు అని పద్దు వేసే రివ్యూకు ఈ వైరుధ్యం కనపడదు, రెండూ వేర్వేరు వరుసల్లో ఉంటాయి కనుక. వోల్పా తర్వాత గేమ్ రూపకర్త టిమ్ షేఫర్‌తో కలిసి 'సైకోనాట్స్' అనే ఆట రాశాడు, ఆపైన వాల్వ్ అనే గేమ్ సంస్థలో చేరి 2007 నాటి 'పోర్టల్' రాశాడు. పోర్టల్‌లో ప్రయోగశాలను నడిపే గొంతు చెప్పే మాటకూ, మనం ప్రతి గదిలో చేసే పనికీ మధ్య వెంట్రుకవాసి సందు కూడా దొరకదు. చేతికీ కథకూ తెగిన లంకెను ఎత్తిచూపిన విమర్శకుడే దాన్ని అతికి చూపించాడు.

ఆ రోజుల్లో విమర్శకుల మెప్పు మార్కెట్‌ను కదిలించలేకపోయిందన్నదీ నిజమే. 1998లో షేఫర్ చేసిన 'గ్రిమ్ ఫండాంగో' మెక్సికో వారి మృతుల పండుగను, పాత నేరకథా చిత్రాల చీకటివెలుగులను కలిపి అల్లిన ఆట. గేమ్‌స్పాట్ వెబ్‌సైట్ దాన్ని ఆ ఏడాది ఉత్తమ గేమ్‌గా ఎంచింది. అమ్మకాలు నిరాశపరిచాయి. దాన్ని తయారుచేసిన లూకాస్ ఆర్ట్స్ (పాత పేరు లూకాస్‌ఫిల్మ్ గేమ్స్) 2004లో, తయారీలో ఉన్న ఒక అడ్వెంచర్ గేమ్‌ను మధ్యలోనే ఆపేసింది. అక్కడినుంచి బయటికొచ్చినవారు అదే ఏడాది టెల్‌టేల్ సంస్థను పెట్టుకున్నారు.

టెల్‌టేల్ 2012లో ఐదు భాగాలుగా విడుదల చేసిన 'ది వాకింగ్ డెడ్' ఆ ఏడాది పెద్ద బహుమతులు ఎన్నో గెలుచుకుంది. పజిళ్లు దాదాపు లేవు. ఎవరైనా మాట్లాడినప్పుడు నాలుగు జవాబులు తెరమీదికి వస్తాయి, కింద సమయం గీత కరిగిపోతూ ఉంటుంది. మొదట్లో విమర్శకులు ఎంపికల బరువును మెచ్చుకున్నారు. రెండోసారి ఆడి, ఏది ఎంచుకున్నా కథ చివరికి ఒకే చోటికి చేరుతుందని తెలిశాక మోసపోయామన్న మాట మొదలైంది. అదే పద్ధతిలో సంస్థ వరసగా ఆటలు దించడంతో ఆ విసుగు ముదిరింది. 2018 సెప్టెంబరులో టెల్‌టేల్ దాదాపు సిబ్బంది మొత్తాన్ని తీసేసింది. ఆ విసుగులో న్యాయం ఉంది కానీ, కథ ఎన్ని కొమ్మలుగా చీలిందని లెక్కపెట్టడం సరైన పరీక్ష కాదు. క్లెమెంటైన్ అనే ఎనిమిదేళ్ల పిల్ల ఎదురుగా నిలబడి ఒక ప్రశ్న అడిగింది. గీత కరిగిపోతోంది. అబద్ధం చెప్పాలా, నిజం చెప్పాలా, ఊరుకోవాలా? ఆట మౌనాన్ని కూడా జవాబుగానే తీసుకుంటుంది. ఆ కొన్ని క్షణాల తడబాటు ఆడేవాళ్లదే. కథ తర్వాత ఎటు పోయినా ఆ తడబాటు అబద్ధమైపోదు.

గాన్ హోమ్‌లోనూ అలాంటి పని ఒకటుంది. చాలా రివ్యూలలో అది ఒక వాక్యానికి కూడా నోచుకోలేదు. వస్తువును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాక, తీసిన చోటే తిరిగి పెట్టేయడానికి ఒక బటన్ ఉంది. పెట్టకపోతే నష్టం లేదు, పెడితే బహుమతి లేదు. అయినా ఎక్కువ మంది పెడతారు. అది సొంత ఇల్లు, అమ్మానాన్నల గది, చెల్లెలి మంచం. స్నానపుతొట్టిలో ఎర్రటి మరకలు చూసి గుండె ఆగినంత పనై, అది జుట్టుకు వేసే రంగని తెలిశాక ఆ సీసాను మెల్లగా యథాస్థానంలో పెట్టడంలో కేటీ మనసు మొత్తం ఉంది. సంభాషణలతో అక్కాచెల్లెళ్ల బంధాన్ని చెప్పనవసరం లేకుండా పోయింది. 'ఇందులో గేమ్‌ప్లే లేదు' అన్నవారు ఈ పనిని లెక్కలోకే తీసుకోలేదు. 'కథ అద్భుతం' అని పది మార్కులిచ్చినవారిలో చాలామంది కూడా దీన్ని వదిలేసి, ఒక మంచి కథానికను మెచ్చుకున్నట్టు మెచ్చుకున్నారు.

సినీ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ 2010లో వీడియో గేమ్‌లు ఎన్నటికీ కళ కాలేవని రాసినప్పుడు చూపిన కారణాల్లో ఒకటి, ఆటను గెలవవచ్చు, కళను గెలవడం ఉండదన్నది. మూడేళ్లు తిరక్కుండానే గెలుపు లేని ఆటలు వరసగా వచ్చాయి, గెలుపు లేదు కాబట్టి ఇవి ఆటలే కావన్నారు ఆటగాళ్లు. ఒకవైపు కళ కాదన్నవారు, మరోవైపు ఆట కాదన్నవారు, ఇద్దరూ గెలుపునే గీటురాయిగా పెట్టుకున్నారు.

2017లో జెయింట్ స్పారో చేసిన 'వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఎడిత్ ఫించ్' ఈ వాదనలో చాలామంది నోరు మూయించింది. (ఆట ఆడబోతున్నవారు ఈ పేరా దాటేయవచ్చు.) వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక దీవి మీద వంకరటింకర ఇల్లు, ఆ ఇంట్లో ఒక్కొక్కరుగా పోయిన కుటుంబ సభ్యుల కథలు. లూయిస్ అనే కుర్రవాడిది చేపల ఫ్యాక్టరీలో పని. కంట్రోలర్ కుడి స్టిక్‌తో చేపను లాగి, కత్తి కిందికి నెట్టి, తల తెగాక పక్కకు తోయాలి. మళ్లీ చేప, మళ్లీ కత్తి. అతను పగటికలలు కనడం మొదలుపెడతాడు. తెరమీద ఓ మూల చిన్న దారి కనిపిస్తుంది, ఎడమ స్టిక్‌తో అందులో ఒక చిన్న మనిషిని నడిపించాలి. ఆ కల రంగులు పూసుకుంటూ, ఊళ్లు, ఓడలు, రాజ్యాలు కలుపుకుంటూ పెరిగి తెరనంతా మింగేస్తుంది. కుడి చేయి మాత్రం చేపలు కోస్తూనే ఉంటుంది, కళ్లతో చూడకుండానే. అతని వైద్యురాలు తల్లికి రాసిన ఉత్తరం వెనక వినిపిస్తూ ఉంటుంది. చివరికి కలలో పట్టాభిషేకానికి తల వంచాలి. ఏ కత్తి కింద వంచుతున్నామో అప్పటికే మన చేతికి తెలిసిపోయి ఉంటుంది.

చేసే పని అలవాటై మనసు దానినుంచి జారిపోవడం ఎలా ఉంటుందో లూయిస్ మనకు చెప్పడు. మన రెండు చేతులకు రెండు పనులు అప్పగించి, అదే స్థితిలోకి మనల్ని తీసుకెళతాడు. ఇదే సన్నివేశాన్ని యూట్యూబ్‌లో చూస్తే సగమే దక్కుతుంది. ఇందులో గేమ్‌ప్లే ఎంత, కథ ఎంత అని భాగాలు పంచడం ఎవరి తరమూ కాదు. 2018లో బ్రిటన్ వారి బాఫ్టా ఉత్తమ గేమ్ బహుమతి రెండున్నర గంటల ఈ ఆటకు దక్కింది. పోటీలో నింటెండో వారి జెల్డా, మారియో కూడా ఉన్నాయి.

పేరు కూడా ఆదరణను మారుస్తుంది. 2019లో ఎస్టోనియా రచయితల బృందం నుంచి వచ్చిన 'డిస్కో ఎలీసియం'లో కత్తియుద్ధం లేదు, తుపాకి పోరు తంతూ లేదు. నడవడం, వస్తువులను చూడడం, మాట్లాడడం, చదవడం, అంతే. అడ్వెంచర్ గేమ్ లక్షణాలన్నీ ఉన్నాయి. కానీ దాని మీద 'ఆర్‌పీజీ' (పాత్రకు అంకెల్లో నైపుణ్యాలు పెంచుకుంటూ ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్) అనే చీటీ ఉంది, జవాబు ఫలిస్తుందో లేదో పాచికలు తేలుస్తాయి, కథానాయకుడి బుర్రలో 24 నైపుణ్యాలు అతనితో వాదిస్తుంటాయి. ఇది ఆటేనా అన్న ప్రశ్న పెద్దగా ఎవరూ వేయలేదు. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో నాలుగు గెలుచుకుంది. రాత గొప్పదే, అర్హత గురించి సందేహం లేదు. అయినా అంకెలు, పాచికలు కనిపిస్తే ఆట అనీ, అవే పనులు అంకెలు లేకుండా చేయిస్తే నడక అనీ అనుకోవడం విమర్శలో ఇంకా పోని బలహీనత.

మార్కుల వెనక డబ్బు కూడా ఉంది. మెటాక్రిటిక్‌లో సినిమాకు 61 వస్తే బాగుందని చెప్పే పచ్చరంగు పడుతుంది, గేమ్‌కు 75 రావాలి. 2010 నాటి 'ఫాలౌట్: న్యూ వేగాస్' సగటు 85 చేరితే బోనస్ అని ఒప్పందం ఉందనీ, 84 దగ్గర ఆగిందనీ అబ్సిడియన్ సంస్థ రూపకర్త క్రిస్ అవెలోన్ తర్వాత బయటపెట్టాడు. 2015 జూన్‌లో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణం కొత్త నియమం తెచ్చింది: కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడితే డబ్బు వాపసు. కొనుగోలుదారుకు మంచి రక్షణే. గంటన్నర కథ చెప్పే ఆటను పూర్తిగా ఆడి, మెచ్చుకుంటూ రివ్యూ రాసి, డబ్బు వెనక్కి తీసుకోవడం కూడా దానితో సాధ్యమైంది. 2021లో ఎమికా గేమ్స్ అనే చిన్న రూపకర్త ఈ కారణం చెప్పే ఆటల తయారీకి విరామం ప్రకటించాడు.

విమర్శకుల చేతులు కట్టేసే మరో సంగతి కథను బయటపెట్టకూడదన్న నియమం. 2020 జూన్‌లో 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' ముందస్తు రివ్యూలు రాసినవారు ఆట రెండో సగం గురించి మాట్లాడకూడదన్న షరతుకు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఆటలోని ప్రధానమైన సాహసమంతా ఆ సగంలోనే ఉంది. మొదటి సగమంతా మనం పగబట్టి వెతికిన మనిషి చేతులే మనవవుతాయి. దాన్ని ముట్టుకోకుండా రాసిన రివ్యూలు దృశ్యాల అందం, హింస తీవ్రత, నటన చుట్టూ తిరిగాయి. విమర్శకుల సగటు 93 వచ్చింది. విడుదల రోజున ఆటగాళ్ల సున్నాలు వేలల్లో పడ్డాయి. ఇరవై గంటలకు పైగా సాగే ఆటను అంత తొందరగా ఎవరూ ముగించి ఉండరు. మరుసటి నెలలో మెటాక్రిటిక్ విడుదలైన 36 గంటల దాకా ఆటగాళ్ల మార్కులు తీసుకోకూడదని నిర్ణయించింది. అయితే తాళం వేయాల్సింది అటువైపు మాత్రమే అనుకోవడం పొరపాటు. విడుదలకు ముందు వచ్చే రివ్యూను కొనుగోలు సలహాగానే ఉంచి, ఆట ఆడినవారి కోసం రాసే విమర్శను నెల తర్వాత వేరుగా అచ్చువేయడానికి పత్రికలకు అడ్డేమీ లేదు. ఈ ఆట మీద వచ్చిన మంచి వ్యాసాలు అలా ఆలస్యంగా వచ్చినవే.

ఎవరు ఆడి రాస్తున్నారన్నదీ తక్కువ సంగతి కాదు. 2023 జులైలో టొరంటోకు చెందిన విసాయ్ గేమ్స్ 'వెంబా' విడుదల చేసింది. 1980ల చివర్లో కెనడా చేరిన తమిళ దంపతులు వెంబా, పావలన్, అక్కడే పుట్టి పెరిగే కొడుకు కవిన్. అమ్మమ్మ వంటల పుస్తకం చిరిగి, చెరిగి ఉంటుంది. కనపడని మెట్టు ఏమిటో ఊహించి వంట పూర్తిచేయాలి. మొదటి వంట ఇడ్లీ. పిండి పోసిన ప్లేట్లను ఒకదాని గుంట మరొకదాని గుంట మీదికి రాకుండా మళ్లించి పేర్చాలి, లేకపోతే ఆవిరి సరిగా ఆడదు. ఎప్పుడూ ఇడ్లీ పాత్ర చూడని విమర్శకుడికి అది పజిల్. రెండు మూడు సార్లు తప్పు చేసి నేర్చుకుంటాడు, 'తేలికైన పజిళ్లు' అని రాస్తాడు. గుంటూరులోనో వరంగల్‌లోనో, లేదా న్యూజెర్సీలోనో అమ్మ పక్కన నిలబడి పెరిగినవారికి అక్కడ విప్పడానికి ఏమీ లేదు, చేయి తనంతట తానే ప్లేటును పక్కకు తిప్పుతుంది. ఆటలో కవిన్ పెద్దవాడై, సరిగా చదవడం రాని తమిళంలో ఉన్న అదే పుస్తకం ముందు నిలబడినప్పుడు, మొదటి ఆటగాడు కవిన్ పక్షాన ఉంటాడు, రెండో ఆటగాడు వెంబా పక్షాన. ఒకే సన్నివేశంలో ఒకరికి తెలియనితనం, మరొకరికి తెలిసినదాన్ని కొడుక్కు అందించలేకపోయిన బాధ దక్కుతాయి.

గంటన్నరే ఉందన్న ఫిర్యాదు వెంబాకూ తప్పలేదు. 2024లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ అత్యున్నత బహుమతి, బాఫ్టా తొలి గేమ్ బహుమతి దానికే వచ్చాయి. దాని రివ్యూ చదివేటప్పుడు మార్కు కంటే ముందు వెతకాల్సింది, రాసినవారు ఆ ఇడ్లీ ప్లేట్లు పేర్చేటప్పుడు ఆగి ఆలోచించారా, ఆలోచించకుండానే పేర్చేశారా అన్నది.